ఫోన్ ఒక్కటే ఉంది, మ్యూజిక్ వీడియోకి మంచి కెమెరా అద్దెకు తీసుకోవాలా?

అడిగింది ఫైనలియర్ విద్యార్థులు. స్నేహితురాలు సొంతంగా రాసి పాడిన పాట ఉందట, దానికి వీడియో తీయాలి. చేతిలో ఉన్నవి నలుగురు మనుషులు, ఒక ఫోన్, అరువు తెచ్చుకున్న ట్రైపాడ్. ఉన్న కాస్త డబ్బూ కెమెరాకి పెట్టాలా, లైట్లకి పెట్టాలా అన్నది వాళ్ల సందేహం.

మీరు అడగాల్సింది స్పీకర్ గురించి. ఇలాంటి ప్రశ్న ఎవరు వేసినా కెమెరా, లెన్సు, డ్రోను దగ్గరే మొదలుపెడతారు. షూటింగ్ రోజు పాట ఎలా వినిపించాలో ఒక్కరూ అడగరు. వీడియో పాడయ్యేది సరిగ్గా అక్కడే. బొమ్మ కాస్త మసకగా ఉంటే అదేదో స్టైల్ అనుకుని సరిపెట్టుకుంటారు. పెదవి పాటకు కలవకపోతే మాత్రం ఎడిటింగ్‌లో ఓనమాలు రానివాడు కూడా మూడో సెకనుకే పట్టేస్తాడు.

మా సంగతి చెప్తాను. కాలేజీలో ఉండగా మేమూ ఒకటి తీశాం. ఆరుగురం, పాట నా రూమ్మేట్‌ది. అంతా ఫోన్‌తోనే తీశాం కానీ, చివరి చరణం మాత్రం సినిమాలా రావాలని నేను మొండిపట్టు పట్టాను. ఒక సీనియర్‌ని బతిమాలి, పెద్ద జూమ్ లెన్సున్న కెమెరా ఒక్క సాయంత్రానికి తెచ్చాను. ఖాళీ మైదానం. అటు చివర గోల్‌పోస్టు దగ్గర మావాడు పాడుతూ నిలబడతాడు, కెమెరా ఇటు చివర ఉంటుంది. స్లో మోషన్‌లో చొక్కా గాలికి ఎగురుతూ ఉండాలి, పెదవులు మాత్రం పాటకు అతికినట్టు కదలాలి.

ఈ కిటుకు మీకూ పనికొస్తుంది, వినండి. సెకనుకు 50 ఫ్రేములతో, అంటే 50 బొమ్మలుగా తీస్తూ పాటను రెట్టింపు వేగంతో మోగిస్తారు. పాడేవాడు ఆ వేగానికే పెదవులు కదపాలి. తర్వాత ఆ క్లిప్పును 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేసి సగం వేగానికి తెస్తే పెదవులు మామూలు పాటకు కలుస్తాయి. జుట్టు, బట్టలు, నడక మాత్రం నీళ్లలో ఉన్నట్టు తేలుతుంటాయి. దమ్మిడీ ఖర్చు లేదు, కాస్త సిగ్గు చంపుకోవాలి అంతే.

రెట్టింపు వేగంలో మావాడి విరహగీతం ఉడత కీచుమన్నట్టు మోగింది. పక్కన థర్మాకోల్ షీటుతో వాడి మొహం మీదికి ఎండ మళ్లిస్తున్న కుర్రాడు నవ్వాపుకోలేక షీటు వదిలేశాడు. అది గాలికి మైదానమంతా దొర్లుకుంటూ పోయింది. దాని వెనక ఇద్దరు పరుగో పరుగు. ఇటు నుంచి నేను "కట్" అని అరిస్తే అంత దూరం ఎవరికీ వినపడలేదు. మావాడు కళ్లు మూసుకుని విరహం ఏమాత్రం సడలకుండా పాడుతూనే ఉన్నాడు. పొద్దు గుంకేలోపు మరో మూడు టేకులు తీసి, గొప్ప పని చేశామనుకుంటూ హాస్టల్‌కి వచ్చాం.

ఆ రాత్రి ఎడిటింగ్‌కి కూర్చున్నాను. కెమెరాలో రికార్డయిన శబ్దం కింద అసలు పాట పెట్టి, రెండు వేవ్‌ఫామ్‌లూ, అంటే శబ్దం ఎత్తుపల్లాలు చూపే గీతలు, శిఖరానికి శిఖరం కలిపాను. ప్లే చేస్తే పెదవి ముందు కదులుతోంది, మాట వెనక వస్తోంది. ఫ్రేమ్‌రేటు తప్పేమో అనుకుని మళ్లీ మొదట్నుంచి చేశాను. సాఫ్ట్‌వేర్‌ని తిట్టాను, కెమెరాని తిట్టాను, అది ఇచ్చిన సీనియర్‌ని కూడా మనసులో తిట్టుకున్నాను. రాత్రి రెండయింది. పడుకున్న రూమ్మేట్ లేచి కాసేపు చూసి, "చెరువు అవతలి గట్టున బట్టలుతుకుతుంటే చూశావా? బట్ట బండ మీద పడ్డాక కదరా చప్పుడొచ్చేది" అని, అటు తిరిగి మళ్లీ పడుకున్నాడు.

మర్నాడు మైదానంలో అంగలు వేసి కొలిచాను. యాభై అంగలు, సుమారు 35 మీటర్లు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. స్పీకర్ మావాడి పక్కనే ఉంది కాబట్టి వాడు పాటకు సరిగ్గానే పాడాడు. ఆ పాట మైదానం దాటి కెమెరా మైకు చేరేసరికి సెకనులో పదో వంతు ఆలస్యమైంది. క్లిప్పును సగం వేగానికి తెచ్చేసరికి ఆ ఆలస్యం కూడా రెట్టింపైంది. అంటే ఐదు ఫ్రేములు. పాట ఐదు ఫ్రేములు ముందే మొదలయ్యేలా జరపగానే అతుక్కుంది. ఈ ధ్వని వేగం మీద లెక్కలు చేసి మార్కులు కూడా తెచ్చుకున్నాం మేం. పరీక్షలో వచ్చిన లెక్క మైదానంలో కనిపిస్తే గుర్తుపట్టలేదు. మన చదువుల గురించి ఇంకా చాలా చెప్పాలనుంది కానీ ఆ గొడవ ఇంకోసారి.

అప్పట్నుంచి నేను వేవ్‌ఫామ్‌ని నమ్మను, ప వర్గాన్ని నమ్ముతాను. ప, బ, భ, మ పలకాలంటే పెదవులు మూతపడి తీరాలి. పాటలో అలాంటి అక్షరం ఒకటి వెతకండి. పెదవులు కలిసిన ఫ్రేమ్ దగ్గర ఆ అక్షరం పడేలా జరపండి. "అమ్మ" అన్న మాట దొరికితే మీ పంట పండినట్టే. బ్లూటూత్ స్పీకర్ ఆలస్యం చేస్తుందని కొందరు భయపెడతారు, పట్టించుకోకండి. ఆ ఆలస్యం పాడేవాళ్లకీ కెమెరాకీ ఒకటే. స్పీకర్‌కి గట్టిగా వినిపించే సత్తా ఉండాలి, పాడే మనిషికి దగ్గరగా ఉండాలి. ఇంకో మాట, పెదవులు ఊరికే ఆడించొద్దని మీ స్నేహితురాలికి చెప్పండి. గొంతు విప్పి నిజంగానే పాడాలి. మెడ నరాలు కదలకపోతే దొంగ పాటని ఇట్టే తెలిసిపోతుంది.

ఫోన్‌తో వచ్చే చిక్కు ఒకటుంది. చాలా ఫోన్లు ఫ్రేమ్‌రేటును వాటంతట అవే కాస్త అటూ ఇటూ మార్చుకుంటుంటాయి. పాట మొదట్లో కలిసిన పెదవి చివరికొచ్చేసరికి జారిపోతుంది. ఎడిటింగ్‌కి ముందే హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్ (మారని) ఫ్రేమ్‌రేటుకు మార్చుకుంటే ఆ బాధ ఉండదు. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. క్లిప్పులు మాత్రం దయచేసి వాట్సాప్‌లో వీడియోగా పంపుకోకండి. అది పిండి పిప్పి చేసి ఇస్తుంది. మా బృందంలో ఒకడు సగం షూటింగ్ అలాగే పంపి, ఒరిజినల్స్ డిలీట్ చేశాడు. ఫోన్‌లో జాగా లేదట!

లైట్లు కొనొద్దు. పొద్దున్నే, సాయంత్రం తీయండి, ఎండను థర్మాకోల్ షీటు మీంచి మళ్లించండి. గదిలో ట్యూబ్‌లైటు కింద తీస్తూ బొమ్మ మీద చారలు పారుతుంటే షటర్ స్పీడు, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, సెకనులో 1/50 లేదా 1/100లో పెట్టండి. కరెంటు 60 హెర్ట్జ్ ఉండే దేశాల్లో అయితే 1/60 లేదా 1/120.

ఓకే గో అనే అమెరికన్ రాక్ బృందం 2006లో ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద ఒకే షాట్‌లో డాన్స్ చేసి, మరుసటి ఏడాది గ్రామీ కొట్టింది. "చూడు, ఖర్చు లేకుండా ఎలా చేశారో" అని ప్రతివాడూ దాన్నే చూపిస్తాడు. కాలు జారితే మళ్లీ మొదట్నుంచి చేయాలని, అందుకు ఎంత రిహార్సల్ కావాలో ఒక్కడూ ఆలోచించడు. మీకు డబ్బు లేకపోవచ్చు, సాయంత్రాలు ఉన్నాయిగా. పాట సొంతం కాబట్టి కాపీరైట్ తలనొప్పి కూడా లేదు. "పదిహేను సెకన్లు వాడుకుంటే పర్లేదు" అంటూ సినిమా పాటలు పెట్టేసి, వీడియో బ్లాకయ్యాక లబోదిబోమనేవాళ్లను చాలామందిని చూశాను. అలాంటి మినహాయింపు మన చట్టంలో లేదు.

అన్నట్టు, కెమెరా అద్దె గురించి కదా మీరు అడిగింది. వద్దు. ఆ జూమ్ లెన్సు దొరక్కపోయి ఉంటే నేను అంత దూరం వెళ్లేవాణ్నే కాదు, ఫోన్ పట్టుకుని రెండు మీటర్ల దూరంలో తీసి ఆ రాత్రి హాయిగా పడుకునేవాణ్ని.

ఆ చరణానికి చివరికి మేం వాడింది మొదటి టేకే. తర్వాతి మూడింట్లో మావాడు మరీ జాగ్రత్తగా పాడాడు. మొదటి దాంట్లో వాడు కళ్లు మూసుకుని పాడుతుంటే వెనక తెల్లటి షీటు ఒకటి నెమ్మదిగా దొర్లుకుంటూ పోతుంది. ప్రదర్శన రోజు మా లెక్చరర్ ఒకాయన దాని గురించే ప్రత్యేకంగా అడిగారు, దూరమైపోతున్న ప్రేమకు ప్రతీకా అని. అవునండీ అన్నాం.