భీమిలి బంగళాను బాబాయి ఒక్కరే అమ్మేయగలరా?

ప్రశ్న: భీమిలిలో సముద్రానికి ఎదురుగా మాకో పాత బంగళా ఉంది. తాతగారు 1948లో ఒక దొరల కుటుంబం దగ్గర కొన్నారు. డచ్చివాళ్ళు కట్టిందని ఊళ్ళో అంటారు. 1978లో తాతగారు, 1990లో నానమ్మ వీలునామా రాయకుండానే పోయారు. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. మా నాన్నగారు 2011లో పోయారు, ఆయనా వీలునామా రాయలేదు. బాబాయి ఆ ఇంట్లోనే ఉంటూ ఇంటి పన్ను తన పేరు మీద కడుతున్నారు. ఇప్పుడు రిసార్టు కట్టే వాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకుని, "సంతకాలు పెట్టండి, లేకపోతే నేనే రిజిస్టర్ చేసేస్తా" అంటున్నారు. అమ్మకీ, నాకూ, అమెరికాలో ఉన్న తమ్ముడికీ ఇల్లు అమ్మడం ఇష్టం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో మీ మేనత్తగారి గురించి "ఒక కూతురు" అన్న రెండు మాటలే ఉన్నాయి. నాకు మాత్రం ఈ వ్యవహారం తేలేది ఆవిడ దగ్గరే అనిపిస్తోంది.

ముందు వాటాలు చూద్దాం. ఇల్లు తాతగారి స్వార్జితం కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం నానమ్మకి, ముగ్గురు పిల్లలకి సమానంగా వచ్చింది. నానమ్మ భాగం కూడా ఆ ముగ్గురికే చేరింది. అంటే బాబాయిది మూడో వంతు, అత్తయ్యది మూడో వంతు, నాన్నగారిది మూడో వంతు. నాన్నగారి వాటాలో అమ్మగారు, మీరు, మీ తమ్ముడు సమానులు. ఆడపిల్లకి వాటా 2005లోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది పిత్రార్జితం సంగతి. స్వార్జితంలో అత్తయ్యకి 1978 నుంచే హక్కుంది. కాకపోతే కుటుంబం కాపురముండే ఇంటిని పంచమని కూతురు తనంతట తాను అడగకూడదని అప్పట్లో 23వ సెక్షన్ ఉండేది. 2005 సవరణలో దాన్ని తీసేశారు.

ఇక బాబాయి బెదిరింపు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఎన్నేళ్ళు అందులో ఉన్నా, మిగతా వాళ్ళ హక్కును బాహాటంగా కాదన్న దాఖలా ఉంటే తప్ప, ఉమ్మడి హక్కుదారు ఒక్కడే యజమాని అయిపోడు. ఆయన మొత్తం ఇల్లు రాసిచ్చినా కొన్నవాడికి దక్కేది మూడో వంతే. ఆ వాటా కొన్న బయటివాడు మీతో కలిసి ఆ ఇంట్లో కాపురం పెట్టడానికి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఒప్పుకోదు. అతను పంపకాల దావా వేస్తే, కోర్టు కట్టిన ధరకి ఆ వాటా మీరే కొనుక్కుంటామని అడగొచ్చు.

అసలు బాబాయి తన వాటా అమ్మదలిస్తే ముందుగా కొనే హక్కు తోటి వారసురాలిగా అత్తయ్యకుంది, అది హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. మీరు వారసుడి వారసులు కాబట్టి మీ పేరున అడిగితే వాదన పెరుగుతుంది. ఆవిడ అడిగితే గట్టిగా నిలుస్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. గోడలు కొట్టి పంచుకోలేని ఇంటిని అమ్మి డబ్బు పంచమని కోర్టును కోరాలంటే, కోరేవాళ్ళ చేతిలో కనీసం సగం వాటా ఉండాలి. బాబాయికి ఒక్కడికీ అది లేదు. అత్తయ్య అటు చేరితే మూడింట రెండు వంతులు అవుతుంది. అప్పుడు కూడా కోర్టు కట్టిన విలువకి వాళ్ళ వాటాలు మీరు కొనొచ్చు, కానీ అంత డబ్బు చేతిలో ఉండాలి కదా!

డచ్చివాళ్ళ మాట సరే. భీమిలిలో గోడ మందంగా ఉంటే చాలు, డచ్చి ఇల్లే అంటారు. పాతదైనంత మాత్రాన అది రక్షిత కట్టడం కాదు, ప్రభుత్వం నోటిఫై చేసి ఉండాలి.

బాబాయికి మీరు నెమ్మదిగా చెప్పాల్సింది తీరప్రాంత నిబంధనల గురించి. పోటు గీత, అంటే హై టైడ్ లైన్, నుంచి 500 మీటర్ల దాకా 1991 నుంచి నియంత్రణ ఉంది. 2019 జనవరి 18న కొత్త నోటిఫికేషన్ వచ్చింది. మీ ఇల్లు ఏ జోన్‌లో పడుతుందో తీరప్రాంత మ్యాపులో చూడాలి. పట్టణ జోన్ అయితే పాత రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడానికో నేల వైపున కొత్తది కట్టే వీలుంది. నిర్మాణ నిషేధ పరిధిలో పడితే రిసార్టు మాట మర్చిపోవచ్చు. అనుమతి ఉన్న పాత ఇంటిని పాత కొలతలకి మించకుండా బాగుచేసుకోనిస్తారు, తిరిగి కట్టుకోనిస్తారు గానీ, అంతకు మించి పెంచనివ్వరు. కేరళలోని మరడులో అనుమతులున్నాయనుకుని కొన్న ఫ్లాట్లను 2020 జనవరిలో పేల్చేశారు. రిసార్టు వాళ్ళు ఈ మ్యాపు చూశాకే ధర చెప్పారా అని బాబాయిని అడగండి.

సబ్ రిజిస్ట్రారుకి కాగితం ఇస్తే రిజిస్ట్రేషన్ ఆగుతుందని నమ్ముకోవద్దు. హక్కుల తగాదా తేల్చడం ఆయన పని కాదు. బాబాయికి, కొనేవాళ్ళకి లాయర్ నోటీసు పంపండి. వినకపోతే పంపకాల దావా వేసి, అమ్మకం ఆపమనే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్, అడగండి. దావా నడుస్తుండగా కొన్నవాడు దాని ఫలితానికి కట్టుబడాల్సిందే. 1948 దస్తావేజు నకలు తీయించండి. ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, అంటే ఈసీ, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. "అభ్యంతరం లేదు" అని రాసి తెచ్చిన ఏ కాగితం మీదా సంతకం చేయకండి.

తమ్ముడి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ దగ్గర గానీ చేయించాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు కట్టాలి. అది వచ్చేలోగా అమ్మగారిని వెంటబెట్టుకుని ఒకసారి అత్తయ్యగారింటికి వెళ్ళి రండి. ఆవిడ ఇంకా ఎక్కడా సంతకం పెట్టలేదు కదా, అది ముందు కనుక్కోండి.