క్వాలిటీ ఉద్యోగమంటే కొలతలు చూడటమేనా?

ప్రశ్న: బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ప్రొడక్ట్ డిజైన్ అంటే ఇష్టం. కానీ మా కాలేజీకి వచ్చే కంపెనీలు ఎక్కువగా క్వాలిటీ విభాగంలోకే తీసుకుంటున్నాయి. అందులో చేరితే కొలతలు చూస్తూ ఉండిపోతానేమోనని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఇన్‌కమింగ్ ఇన్‌స్పెక్షన్‌లో (బయటి నుంచి వచ్చిన సరుకు తనిఖీలో) వెర్నియర్, గేజ్‌లతోనే ఏళ్లు గడిపేసేవాళ్లు ఉన్నారు కాబట్టి మీ భయం అర్థమైంది. అయితే డ్రాయింగ్‌లో ఒక టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) ఎందుకు ఉందో, అది తప్పితే వస్తువు కొన్నవాళ్లకు ఏ ఇబ్బంది వస్తుందో చెప్పగలిగిన ఇంజినీర్ అవసరం డిజైన్ విభాగానికీ ఉంటుంది. వినియోగదారుడి మాటను కొలవగలిగే లక్షణంగా మార్చడమే ఆ నైపుణ్యం. దాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టండి.

మిక్సీని తీసుకోండి. ‘1000 వాట్ల మోటార్ కావాలి’ అని ఒకావిడ అంటే అది అవసరం కాదు, తను ఊహించుకున్న పరిష్కారం. ఎప్పుడు, ఏం రుబ్బుతుంటే ఇబ్బంది అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది: మినప్పప్పు రుబ్బుతుండగా మిక్సీ ఆగిపోతోంది, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కితేగానీ మళ్లీ తిరగడం లేదు. అంటే భారం ఎక్కువైతే కరెంటు ఆపేసే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ ట్రిప్ అవుతోంది. మోటార్ చిన్నదే కానక్కర్లేదు. బ్లేడు కోణం, జార్ అడుగు ఆకారం సరిగా లేక పిండి పైకి తిరగకుండా పట్టేస్తుండవచ్చు. అప్పుడు వాట్లు పెంచితే ధర, బరువు పెరుగుతాయి, ఫిర్యాదు అలాగే ఉంటుంది.

‘మెత్తగా నలగాలి’ అని రాసుకుంటే దాన్ని ఎవరూ పరీక్షించలేరు. ఎన్ని గ్రాముల నానిన పప్పు, ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు, ఎన్ని నిమిషాలు, ఏ జల్లెడ మీద ఎంత మిగలవచ్చు, మోటార్‌లోని తీగచుట్ట (వైండింగ్) వేడి ఎంత దాటకూడదు అన్నవి రాయాలి. పరీక్షా పద్ధతి లేని టార్గెట్ కాగితానికే పరిమితం.

మరో చిక్కు ఉంది. జార్ కింద కారకూడదని ఎవరూ నోరు తెరిచి అడగరు. కారితే మాత్రం ఆ బ్రాండ్ మళ్లీ కొనరు. జపాన్ క్వాలిటీ నిపుణుడు నొరియాకి కానో 1984లో విడదీసి చూపిన అవసరాల్లో ఇది ప్రాథమికమైన రకం. వీటి కోసం సర్వే ఫారాలు పంచితే లాభం లేదు. రిపేరు షాపులో కూర్చుని అరిగిన కప్లర్లు (మోటార్‌ను జార్‌తో కలిపే ముక్కలు), పోయిన బుష్‌లు, గ్యాస్కెట్లు ఏ రకం జార్‌లో ఎక్కువో లెక్క రాయండి. వారంటీ డేటా ఒక్కటే చాలదు. గడువు దాటాక పాడైనవి, విసుగొచ్చి పక్కన పడేసినవి అందులో కనిపించవు.

దీన్నే మీ ప్రాజెక్టుగా పెట్టుకోండి. పది, పదిహేను ఇళ్లలో వంటింట్లోనే నిలబడి వాడకం చూడండి, వాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తర్వాత క్వాలిటీ ఫంక్షన్ డిప్లాయ్‌మెంట్ పట్టిక గీయండి. అడ్డ వరసల్లో వాళ్ల అవసరాలు, నిలువు వరసల్లో కొలవగలిగే లక్షణాలు రాయాలి. జపాన్ నిపుణుడు యోజి అకావో 1966లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని 1972లో మిత్సుబిషి కోబే నౌకానిర్మాణ కేంద్రంలో పట్టికగా వాడారు. విద్యార్థులు 30 అవసరాలు, 30 లక్షణాలు పెట్టి 900 గడులు నింపలేక అంకెలు ఊహించి వేస్తుంటారు. మీకు 8 అవసరాలు, 10 లక్షణాలు చాలు. సంబంధం బలంగా ఉంటే 9, మధ్యస్థమైతే 3, కొద్దిగా ఉంటే 1, లేకపోతే ఖాళీ. అవసరం ప్రాధాన్యం 5, సంబంధం 9 అయితే ఆ గడి విలువ 45. నిలువు మొత్తం ఎక్కువ వచ్చిన రెండు మూడు లక్షణాలకే ఎఫ్‌ఎంఈఏ (ఏది ఎలా చెడిపోవచ్చో, దాని ఫలితమేంటో ముందే విశ్లేషించే పద్ధతి) చేయండి.

అక్కడ తీవ్రత, తరచుదనం, గుర్తింపు (లోపాన్ని ముందే పట్టుకోవడం ఎంత కష్టమో) అంకెలను గుణించి వచ్చిన ఆర్‌పీఎన్‌ను, అంటే రిస్క్ అంకెను, గుడ్డిగా నమ్మవద్దు. విద్యుత్ షాక్ ప్రమాదానికి 9×2×3 = 54 రావచ్చు, శబ్దం ఫిర్యాదుకు 3×6×5 = 90 రావచ్చు. అయినా ముందు చూడాల్సింది షాక్ సంగతే. ఈ లోపం వల్లే అమెరికా, జర్మనీ వాహన పరిశ్రమ సంఘాల 2019 నాటి ఏఐఏజీ-వీడీఏ హ్యాండ్‌బుక్ ఆర్‌పీఎన్‌ను పక్కనపెట్టి, తీవ్రతకు ముందు పీట వేసే యాక్షన్ ప్రయారిటీ తెచ్చింది. ఇంటర్వ్యూలో ఈ తేడా వివరించగలిగితే మీకు విషయం తెలుసని వాళ్లకు అర్థమవుతుంది.

క్వాలిటీ నిర్వహణ ప్రమాణం ఐఎస్‌ఓ 9001:2015లో 8.2 (వస్తువు, సేవల అవసరాలు), 8.3 (డిజైన్), 9.1.2 (వినియోగదారుడి సంతృప్తి) క్లాజులు చదవండి. లోపాలు తగ్గించే పద్ధతి నేర్పే ఖరీదైన సిక్స్ సిగ్మా సర్టిఫికెట్ ఇప్పుడే వద్దు, ఉద్యోగంలో చేరాక తీసుకోవచ్చు. పూర్తిగా డిజైన్‌లోకే వెళ్లాలనిపిస్తే చివరి సంవత్సరంలో డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ (CEED) రాయండి. ఆ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఎం.డిజైన్‌కు దరఖాస్తు చేయవచ్చు. పోర్ట్‌ఫోలియో అడిగితే పైన చెప్పిన ప్రాజెక్టే పెట్టండి.