అమ్మ సంగతి అమ్మాయికి చెప్పారా?

"మాది పశ్చిమ గోదావరి జిల్లా. హైస్కూల్లో లెక్కల మాస్టారిని. వయసు 51. మా అమ్మాయికి అయిదో ఏడు నడుస్తుండగా నా భార్య జబ్బుచేసి పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని 'దాన్ని జాగ్రత్తగా చూసుకోండి' అంది. మాటిచ్చాను. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. తల్లీ తండ్రీ నేనే అయ్యి పెంచాను. కాలేజీకి వెళ్లినన్నాళ్లూ బస్సెక్కగానే ఒకసారి, దిగగానే ఒకసారి ఫోన్ చేయించుకునేవాణ్ణి. ఇప్పటికీ దాని ఫోన్ ఎక్కడుందో నా ఫోన్‌లో కనబడుతుంది. బీటెక్ పూర్తిచేసి పుణెలో ఉద్యోగం తెచ్చుకుంది. వచ్చే నెల చేరాలి. నాకు ఇష్టం లేదు. మా అక్కయ్య సంబంధాలు చూద్దామంటోంది. మొన్న సంక్రాంతికి అక్కయ్య మనవలు టీవీలో 'ఫైండింగ్ నీమో' పెడితే అందరం కూర్చుని చూశాం. చివరికొచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు. మా అమ్మాయి 'ఆ నారింజ రంగు చేప అచ్చం మా నాన్నే' అంది. అందరూ నవ్వారు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. పిల్లల బొమ్మల సినిమాకి ఈ వయసులో ఏడవడం మానసిక బలహీనతా? డాక్టరుకి చూపించుకోవాలా? అమ్మాయిని వెళ్లకుండా ఒప్పించడం ఎలా?"
— ఒక తండ్రి

మాస్టారూ, మొదటి ప్రశ్న ఒక్క ముక్కలో తేలిపోతుంది. బలహీనత కాదు, డాక్టరు అక్కర్లేదు. రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా మీకు చెప్పను. ఇక మీరు అడగని సంగతి మాట్లాడుకుందాం.

అది పిల్లల సినిమా అని మీకెవరు చెప్పారు? పేరు పిల్లాడిది, కథ తండ్రిది. 2003లో వచ్చినప్పటి నుంచి పిల్లల్ని చూపించడానికి కూర్చున్న పెద్దవాళ్లే కళ్లు తుడుచుకుంటూ లేస్తున్నారు. చిన్నపిల్లలకి అందులో సొరచేపలు, తాబేళ్లు, అన్నీ మరిచిపోయే నీలం చేప కనబడతాయి. పదహారేళ్ల వాళ్లకి ఊపిరాడనివ్వని నాన్న కనబడతాడు. మనకి మనమే కనబడతాం. బడి మొదటిరోజు పొద్దున్నే చేపపిల్ల నీమో ఎగిరి గంతులేస్తుంటే, తండ్రి మార్లిన్ గుమ్మంలోంచి బయటికి తొంగి చూస్తాడు, లోపలికొస్తాడు, మళ్లీ వెళ్లి చూస్తాడు, మళ్లీ లోపలికొస్తాడు. మీ అక్కయ్యగారి మనవలు అక్కడ పగలబడి నవ్వే ఉంటారు. మీరు నవ్వారా?

తీసినాయన ఆండ్రూ స్టాంటన్ కూడా మీ బాపతే. ఓసారి అయిదేళ్ల కొడుకుని పార్కుకి తీసుకెళ్తూ దారిపొడవునా "అది ముట్టుకోకు, పడతావు, జాగ్రత్త" అనుకుంటూ వెళ్లాడట. కొడుకుతో గడపాలని ఎదురుచూసిన సమయం కాస్తా ఆ హెచ్చరికల్లోనే గడిచిపోతోందని నడుస్తుండగానే తట్టిందట. ఈ తండ్రీకొడుకుల కథకి ఆ నడకే మూలమని ఆయనే చెప్పుకున్నాడు.

ఇక అసలు విషయం. సినిమా మొదట్లో ఏం జరుగుతుంది? మొగుడూ పెళ్లాం కొత్త ఇల్లు చూసుకుని మురిసిపోతుంటారు. నాలుగొందలకి పైగా గుడ్లు. పెద్ద చేప ఒకటి మీదపడుతుంది. చంపడం చూపించరు. మార్లిన్‌కి స్పృహ వచ్చేసరికి అంతా ఖాళీ. భార్య లేదు, గుడ్లు లేవు. అడుగున ఒక్కటే మిగిలి ఉంటుంది, దానికీ చిన్న బీట. దాన్ని రెక్కల మధ్య పొదువుకుని, నీకేమీ కానివ్వనని మాటిస్తాడు. పట్టుమని అయిదు నిమిషాలుండదు.

మొదట ఈ ఘట్టాన్ని ఇలా పెట్టుకోలేదు. ముక్కలు ముక్కలుగా, గతం గుర్తొచ్చినట్టు, సినిమా పొడవునా సర్దారు. అలా చూస్తే మార్లిన్ ఉత్త చాదస్తపు తండ్రిలా, విసుగు పుట్టించేలా తేలాడు. ఎత్తుకుపోయి మొదట్లో పెట్టారు. తండ్రి అదే తండ్రి, మాటలు అవే మాటలు. ఈసారి చూసేవాళ్లకి జాలేసింది. ఎందుకు భయపడుతున్నాడో తెలిసింది కదా మరి.

మీ అమ్మాయికి ఆ మొదటి అయిదు నిమిషాలు ఎవరూ చూపించలేదు మాస్టారూ.

మీ ఉత్తరంలో అమ్మాయి బస్సెక్కిన వేళ ఉంది, దిగిన వేళ ఉంది. భార్య గురించి జబ్బు చేసిందనీ, మాట తీసుకుందనీ తప్ప ఇంకేమీ లేదు. ఏం జబ్బో రాయలేదు. ఆవిడ పేరు రాయలేదు. గోడమీద దండేసిన ఫొటో ఉండే ఉంటుంది. ఏటా తద్దినమూ పెడుతూ ఉండి ఉంటారు. ఆ రోజున భోక్తలు వెళ్లిపోయాక మీరూ అమ్మాయీ ఆవిడ గురించి ఏమన్నా మాట్లాడుకున్నారా? ఎక్కడ బెంగపెట్టుకుంటుందోనని మీరు ఎత్తలేదు. ఎక్కడ నాన్న బాధపడతాడోనని అమ్మాయి అడగలేదు. ఇన్నేళ్లూ ఇంట్లో ఇదే నడిచింది. ఆస్పత్రి మంచం దగ్గర పట్టుకున్న భయాన్ని మీరు ఏ రోజూ భయమని ఒప్పుకోలేదు. జాగ్రత్త అని పేరుపెట్టి రోజూ ఫోన్లు చేయించుకున్నారు. చిక్కు మీకూ అమ్మాయికీ మధ్య లేదు, మీకూ పోయినావిడకీ మధ్య ఉంది. అమ్మాయి మధ్యలో నలుగుతోంది.

పోయేవాళ్లకిచ్చిన మాట తప్పకూడదనే పెంపకంలోనే నేనూ పెరిగాను. దాన్ని తేలిక చెయ్యను. కానీ మాటిచ్చింది మీరు. మీ మాటకోసం ఇంకొకళ్ల కాళ్లు కట్టెయ్యడానికి మీకు హక్కు లేదు. అయిదేళ్ల పిల్లని వదిలిపోతున్న తల్లి ఆ చివరి ఘడియల్లో ఏం కోరుకుని ఉంటుంది? పిల్ల పెద్దదవ్వాలి, చదువుకోవాలి, నలుగురిలో నిలబడాలి, అది తను చూడలేదు కాబట్టి మీరు చూడాలి. అది జరిగిపోయింది! ఆవిడ అడిగింది మీరు చేసేశారు. ఇంకా బాకీ ఉందని మీరే అనుకుంటున్నారు. సినిమాలో ఆ మతిమరుపు చేప ఓ మాట అంటుంది చూడండి. వాడికెప్పటికీ ఏమీ జరగకుండా చూస్తే వాడి బతుకులో ఇక ఏదీ జరగదు కదా అని. మతి లేకపోయినా బుద్ధి ఉంది దానికి.

"తల్లీ తండ్రీ నేనే అయ్యి" అన్నారు. ఆ జాతి చేపల్లో అది మాటవరసకి కాదు, నిజంగానే జరుగుతుంది. గుడ్లను ఎక్కువగా కనిపెట్టుకుని ఉండేది మగచేపే. ఆడచేప చచ్చిపోతే జంటలోని మగది ఆడదిగా మారిపోతుంది. సినిమావాళ్లు అంతదూరం వెళ్లలేదులెండి. మీరు వెళ్లారు. బడికి వేళవుతుంటే పిల్లకి రెండు జడలు వేసి, క్యారేజీ కట్టి, మళ్లీ మీ మొదటి పీరియడ్‌కి పరుగెత్తడం తక్కువ పని కాదు. దానికి నేను చేతులు జోడిస్తాను. అయితే "మళ్లీ పెళ్లి చేసుకోలేదు" అనే మాట మీ ఇంట్లో ఎన్నిసార్లు వినబడుతుంటుంది? మీరనకపోతే మీ అక్కయ్యగారు అంటూ ఉంటారు. ఆడపిల్ల ముందు ఆ మాట అన్న ప్రతిసారీ దాని నెత్తిన అప్పు పెడుతున్నట్టే. ఇష్టపడి చేసినదానికి వడ్డీ వసూలు చెయ్యడం నాకు నచ్చదు. మొహమాటం లేకుండానే చెబుతున్నాను.

సంబంధాల సంగతి. రేపు పెళ్లి చేస్తే అమ్మాయి మీ వీధిలోనే ఉంటుందా? అల్లుడికి డల్లాస్‌లో ఉద్యోగమంటే నలుగురికీ గొప్పగా చెప్పుకుని, అక్షింతలు వేసి విమానం ఎక్కిస్తారు. అప్పుడు రాని భయం, సొంత జీతంతో రైలు దూరంలో ఉన్న పుణెకి వెళ్తుంటే వచ్చిందా? పదో తరగతి ఆడపిల్లలకి చదువు మాన్పిస్తామని వచ్చిన తండ్రులకి మీరే ఎన్నిసార్లు నచ్చజెప్పి పంపి ఉంటారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ మాటలు మీ ఇంటి గుమ్మం దాటి లోపలికి రావా?

మీరెక్కడ ఏడ్చారో నేను ఊహించగలను. మనుషులు పట్టుకుపోయిన కొడుకుకోసం సముద్రమంతా ఈది, వాణ్ణి కలుసుకున్నాక, ఆ కొడుకే వలలో చిక్కుకున్న మిగతా చేపల్ని విడిపించడానికి లోపలికి వెళ్తానంటాడు. దొరికినవాణ్ణి మళ్లీ వదలాలి. మార్లిన్ ఒక్క క్షణం ఆగి, వదులుతాడు. ఏమీ కాదని వాడికెవరూ హామీ ఇవ్వలేదు. నేనూ మీకివ్వను. పుణెలో మంచీ చెడూ రెండూ ఉంటాయి, మీ ఊళ్లో ఉన్నట్టే.

ఇంకొకటి. అమ్మాయి నలుగురిలో పరువు తీసిందని నొచ్చుకున్నారేమో. ఆ పిల్లాడు అద్దాల తొట్టెలో దిగాలుగా ఉన్నప్పుడు, నీకోసం మీ నాన్న సముద్రంతోనే పోట్లాడుతున్నాడని గూడబాతు వచ్చి చెబితే వాడి మొహం ఎలా వెలిగిపోతుందో మీ అమ్మాయీ చూసింది. చూసే "మా నాన్నే" అంది. అందరూ నవ్వారని మీరు రాశారు. అమ్మాయి నవ్విందని రాయలేదు.

ఏం చెయ్యాలంటారా? ఈ ఆదివారం అక్కయ్యగారు లేనప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టి వాళ్లమ్మ గురించి చెప్పండి. ఏం జబ్బు చేసింది, ఎన్నాళ్లు ఆస్పత్రిలో ఉంది, ఆ రోజు ఏమంది. అదొక్కటే చెప్పి ఊరుకోకండి. ఆవిడ దేనికి నవ్వేది, మీతో దేనికి పోట్లాడేది, వంటలో ఏది పాడుచేసేది, అదీ చెప్పండి. బీరువాలో చీరలుంటే తీసి అమ్మాయి చేతికివ్వండి. ఏడుపొస్తే అక్కడే, దాని ముందే ఏడవండి, పెరట్లోకి వెళ్లకండి. లొకేషన్ మీ చేత్తోనే తీసెయ్యండి. ఫోన్ అమ్మాయి చేసినప్పుడే మాట్లాడండి. ఒకరోజు చెయ్యకపోతే మర్నాటిదాకా ఓపిక పట్టండి. సంబంధాలు ఇప్పుడు కాదని అక్కయ్యగారికి మీరే చెప్పాలి, అమ్మాయిచేత చెప్పించకండి.

అమ్మాయి వెళ్లాక ఇల్లు బోసిపోతుంది, అన్నం సయించదు. కొన్నాళ్లు అలాగే ఉంటుంది. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, బడికి వెళ్లబుద్ధి కాకపోతే, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లండి. అందులో నామోషీ ఏమీ లేదు.

దిగబెట్టడానికి మీరూ వెళ్లండి. హాస్టల్ చూడండి, చుట్టుపక్కల మందుల షాపు ఎక్కడుందో చూడండి, పచ్చళ్ల జాడీలు సర్దిపెట్టండి. తిరుగు టికెట్ మాత్రం ఇక్కడ బయల్దేరేటప్పుడే తీసుకోండి. లేకపోతే ఇంకో నాలుగు రోజులు ఉంటానని మీరు అక్కడే తిష్ట వేస్తారని నా అనుమానం.