పాఠకుల ప్రశ్నలు: కొత్త బోర్డును గుర్తించని పాత స్క్రిప్టు

ప్రశ్న: మా కార్యాలయంలో 2009 నాటి ఒక సీ లైబ్రరీ బాధ్యత నాది. ఇంటెల్ కంప్యూటర్లలో ఇబ్బంది లేకుండా బిల్డ్ అవుతుంది (కోడ్ నుంచి వాడదగిన రూపానికి మారుతుంది). కొత్తగా కొన్న 64 బిట్ల ఆర్మ్ (ఇంటెల్ కాని మరో రకం ప్రాసెసర్) బోర్డు మీద మాత్రం, బిల్డ్ రకాన్ని ఊహించలేకపోతున్నానంటూ కంప్యూటర్‌ను పరిశీలించుకునే కాన్ఫిగర్ దశలోనే ఆగిపోతోంది. ప్లాట్‌ఫామ్ పేరును చేత్తో ఇచ్చినా లాభం లేకపోయింది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ కోడ్ జోలికి వెళ్ళవలసిన పని లేదు. దానితోపాటు 2009 నుంచి వస్తున్న రెండు షెల్ స్క్రిప్టులను మార్చాలి. వాటిలో కాన్ఫిగ్.గెస్ అనేది కంప్యూటర్ రకాన్ని, సిస్టమ్ పేరును చెప్పే యూనేమ్ కమాండ్ ఇచ్చే సమాచారాన్ని బట్టి ‘ఎక్స్86_64-పీసీ-లైనక్స్-గ్నూ’ వంటి పేరును కూరుస్తుంది. (నాలుగు ముక్కలున్నా దీనిని ట్రిప్లెట్ అనే పిలుస్తారు.) కాన్ఫిగ్.సబ్ ఆ పేరును తన జాబితాతో సరిచూస్తుంది. ఆర్మ్ సంస్థ తన 64 బిట్ల నిర్మాణాన్ని ప్రకటించిందే 2011లో కనుక, 2009 నాటి ప్రతులకు ఆ నిర్మాణాన్ని సూచించే ‘ఏఆర్చ్64’ అన్న మాట తెలిసే వీలే లేదు. మీరు పేరును చేత్తో ఇచ్చి మొదటి స్క్రిప్టును దాటారు గాని, రెండవది అడ్డుపడింది. గ్నూ ప్రాజెక్టు నిర్వహించే కొత్త ప్రతులను తెచ్చి రెండింటినీ ఒకేసారి మార్చండి. డెబియన్ లైనక్స్‌లో అయితే ఆటోటూల్స్-డెవ్ ప్యాకేజీలోనే అవి దొరుకుతాయి.

ఇలా ఆగిపోయే స్క్రిప్టు ఒక విధంగా నయమే. అసలు భయపడవలసింది తప్పుగా గుర్తుపట్టి, మాట్లాడకుండా ముందుకు సాగిపోయే స్క్రిప్టుకు. లైబ్రరీల తయారీకి తోడ్పడే లిబ్‌టూల్ పాత ప్రతులలో ‘ఫ్రీబీఎస్‌డీ1’ పక్కన నక్షత్రం గుర్తు (ఆ తరువాత ఏమున్నా సరే అని అర్థం) పెట్టిన ఒక నియమం ఉండేది. ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1993 నాటి మొదటి వెర్షన్‌కు షేర్డ్ లైబ్రరీలు (పలు ప్రోగ్రాములు పంచుకునేవి) వద్దని చెప్పడం దాని ఉద్దేశం. 2014లో ఫ్రీబీఎస్‌డీ 10 వచ్చేసరికి, ఆ వెర్షన్ సంఖ్య కూడా ‘1’తోనే మొదలవుతుంది కనుక, అదే నియమం దానికీ వర్తించి షేర్డ్ లైబ్రరీలు తయారుకావడం మానేశాయి. అదే ఏడాది ఆపిల్ మ్యాక్‌ల సిస్టమ్ ఓఎస్ ఎక్స్ 10.10 విషయంలోనూ ఇదే జరిగింది: 10.0, 10.1, 10.2 కోసం రాసిన నియమం 10.10ను 10.1గా లెక్కగట్టి, కోడ్ ముక్కలను కలిపే లింకర్‌కు, అన్ని లైబ్రరీల పేర్లనూ ఒకే జాబితాగా చూసే, కాలం చెల్లిన ఫ్లాట్ నేమ్‌స్పేస్ ఆప్షన్‌ను ఇచ్చింది. బిల్డ్ పూర్తవుతుంది, ఎర్రర్ ఏదీ కనిపించదు. కాని రెండు లైబ్రరీలలో ఒకే పేరుగల ఫంక్షన్లు ఉంటే ఒకదానికి బదులు మరొకటి నడిచే ప్రమాదం ఉంటుంది. అంకె తరువాత చుక్కను కూడా సరిచూడాలన్న చిన్న జాగ్రత్త లోపించడమే దీనికి కారణం.

అందువల్ల మీ సొంత కాన్ఫిగర్ నియమాలలో ప్లాట్‌ఫామ్ పేరును అడిగే చోట్లను వీలైనంత తగ్గించి, కావలసిన ఫంక్షన్ ఉన్నదా అని, కోడ్‌ను అనువదించే కంపైలర్‌నే అడగడం మేలని నా అభిప్రాయం. లైనక్స్ అయితే ఎస్‌టీఆర్‌ఎల్‌సీపీవై (అక్షరాలను కాపీ చేసే ఫంక్షన్) ఉండదని తీర్మానించుకుని సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములలో కొన్ని, 2023లో లైనక్స్‌లో సాధారణంగా వాడే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.38 ఆ ఫంక్షన్‌ను చేర్చగానే బిల్డ్ కాకుండా పోయాయి.

ప్రశ్న: లైబ్రరీ ఇన్‌స్టాల్ అయి ఉన్నా, మా బిల్డ్ ఫైలు అది లేదంటోంది. డైరెక్టరీల జాబితాను పెంచుతూ పోవాలా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందుగా ఆ లైబ్రరీ ‘డెవ్’ ప్యాకేజీ కూడా ఉన్నదో లేదో చూడండి, లైబ్రరీలోని ఫంక్షన్లను కంపైలర్‌కు తెలిపే హెడర్లు అందులోనే వస్తాయి. అది ఉంటే, జాబితాను పెంచకండి. 64 బిట్ల లైబ్రరీలను డెబియన్ ఒక చోట, ఫెడోరా లైనక్స్ లిబ్64లో, ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లలో హోమ్‌బ్రూ ప్యాకేజీ మేనేజర్ మరో చోట పెడతాయి. చోటు చెప్పే పనిని ప్యాకేజ్-కాన్ఫిగ్ అనే సాధనానికి వదిలివేయండి. లైబ్రరీతోపాటు వచ్చే ‘.పీసీ’ ఫైలులో ఆ వివరాలు ఉంటాయి. అయితే ఇంటెల్ కంప్యూటర్ మీద కూర్చుని ఆర్మ్ కోసం బిల్డ్ చేసేటప్పుడు ఆ సాధనానికి చోటు చెప్పే పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సరిపోదు. అది కొత్త చోటును చేర్చుతుందే తప్ప ఇంటెల్ ఫైళ్ళను వెతకడం మాన్పించదు. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ మాత్రం డిఫాల్ట్ చోటును పూర్తిగా తొలగించి, మీరు చెప్పిన చోటనే వెతికిస్తుంది.