ముందు చక్రం బ్రేకు పట్టేస్తోందా? కాలిపర్ మార్చే ముందు ఇవి చూడండి

సందేహం: మేం ఇక్కడికొచ్చి ఏడాది కూడా కాలేదు. కుటుంబానికి సరిపోతుందని పాత మినీవ్యాన్ తీసుకున్నాం. ఈమధ్య కాస్త దూరం వెళ్ళేసరికి బండి ఎడమవైపు లాగుతోంది, దిగి చూస్తే మాడు వాసన. మెకానిక్ ముందు రెండు కాలిపర్లు, రోటర్లు, ప్యాడ్లు అన్నీ మార్చాలంటున్నాడు. నిజంగా అన్నీ మార్చాలా అండీ?

జవాబు: మార్చాల్సి రావచ్చు, ఒక్క రబ్బరు గొట్టంతోనే పోనూవచ్చు. ముందు పేర్లు చెప్తాను: చక్రంతోపాటు తిరిగే ఇనుప బిళ్ళ రోటర్, దాన్ని రెండువైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు, ఆ ప్యాడ్లను నొక్కేది కాలిపర్. కాలిపర్‌లో ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగేది పిస్టన్, కాలిపర్ అటూ ఇటూ జారేది పిన్నుల మీద, దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టమే హోసు. మీరు చెప్పినదాన్నిబట్టి ఎడమ ముందు బ్రేకు వదలడం లేదనే అనిపిస్తోంది. ఎందుకు వదలడం లేదో మాత్రం ఇంకా ఎవరూ చూసినట్టు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎస్టిమేట్ కాగితం చూసి టెన్షన్‌లో సంతకం పెట్టేస్తుంటారు. పెట్టే ముందు ఒక్క మాట అడగండి: "పట్టేసింది పిస్టనా, పిన్నులా, హోసా? ఎలా తేల్చారు?" దానికి సరైన జవాబు రాకపోతే ఇంకో షాపు చూసుకోవచ్చు.

అంతవరకు ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని దూరాలు వెళ్ళకండి. ప్యాడు రాసుకుంటున్న కొద్దీ వేడి బ్రేక్ ఆయిల్‌కు ఎక్కుతుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. ఏళ్ళ తరబడి మార్చక తేమ పీల్చుకున్నదైతే 140 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. పల్లానికి దిగే రోడ్డులో అలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి పరీక్ష చిన్నదే. ఖాళీ రోడ్డులో పది, పదిహేను నిమిషాలు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, నెమ్మదిగా ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నాలుగు రోటర్ల వేడీ చూడండి. చేత్తో ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది. ముందు చక్రాలు వెనకవాటికంటే వేడిగా ఉండటం మామూలే, బ్రేకు భారం ఎక్కువగా మోసేది అవే. పోల్చాల్సింది ముందు ఎడమను ముందు కుడితో. కొద్ది తేడా లెక్కలోది కాదు. ఒకటి ఇంకోదానికి రెట్టింపు చూపిస్తే దొంగ దొరికినట్టే. ఇంకో సంగతి: బ్రేకు వేసినప్పుడు మాత్రమే పక్కకు లాగితే తప్పు అవతలి చక్రానిది కావచ్చు, అది సరిగా పట్టక ఇది ఎక్కువ పట్టినట్టు కనిపిస్తుంది. కాలు తీశాక కూడా లాగుతూనే ఉంటే లాగుతున్న వైపు బ్రేకునే అనుమానించాలి.

ఇక అసలు పరీక్ష. దీన్ని బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే చెయ్యాలి. హోసు లోపలిపొర ఊడి దారి మూసుకుపోయిన బండ్లలో మీరు గట్టిగా తొక్కినప్పుడు ఆయిల్ కాలిపర్‌లోకి పోతుంది, కాలు తీశాక మాత్రం వెంటనే వెనక్కి రాదు, నెమ్మదిగా కారుతూ వస్తుంది. రాత్రి షాపులో వదిలేస్తే పొద్దుటికి చక్రం హాయిగా తిరుగుతుంది, "ఏమీ లేదు సార్" అంటారు. బయటినుంచి హోసు నున్నగా, పగులు లేకుండానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం దానిమీదికి పోనేపోదు. కొత్త కాలిపర్ వేయించుకున్నాక కూడా అదే మాడు వాసన వస్తోందని వాపోయేవాళ్ళలో చాలామందిది ఈ కథే.

బండిని చదును నేలమీద పెట్టి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు చక్రం నట్లు కాస్త వదులు చేసి, జాకీతో లేపి స్టాండ్ పెట్టండి. జాకీని మాత్రమే నమ్ముకుని కింద చెయ్యి పెట్టకండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని చేత్తో తిప్పండి. కొద్దిగా గీసుకున్న చప్పుడు ఉండటం సహజం. డిస్క్ బ్రేకులో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఉండదు. దాని చుట్టూ ఉన్న చదరపు అంచు రబ్బరు సీలు, తొక్కినప్పుడు కాస్త మెలితిరిగి, వదిలినప్పుడు తిరిగి సర్దుకుంటుంది, ఆ వెంట్రుకవాసి కదలికే ప్యాడ్‌ను వదిలేది. అందుకే ప్యాడు రోటర్‌కు ఎప్పుడూ చాలా దగ్గరగా ఉంటుంది. రెండు చేతులా తిప్పినా కదలకపోతే మాత్రం పట్టేసినట్టే. కదిలితే లోపల ఎవరినైనా కూర్చోబెట్టి పెడల్ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కి వదలమనండి, అప్పుడు మళ్ళీ తిప్పి చూడండి.

పట్టేసిన ఆ స్థితిలోనే చక్రం ఊడదీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, కాలిపర్ మీది బ్లీడర్ స్క్రూకు (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) పారదర్శకమైన సన్న పైపు తగిలించి అరచుట్టు వదలండి. ఆయిల్ చివ్వున చిమ్మి, రోటర్ వెంటనే వదులైతే లోపల ఒత్తిడి చిక్కుకుందన్నమాట. అప్పుడు దోషం కాలిపర్‌ది కాదు, దానికి ఆయిల్ వచ్చే దారిలో పైనున్నదానిది. బ్లీడర్ బిగించి, మళ్ళీ తొక్కి పట్టేసేలా చేసి, ఈసారి హోసు పైకొన ఇనుప పైపుతో కలిసేచోట వదులు చెయ్యండి. అక్కడ వదిలినా రోటర్ బిగుసుకునే ఉంటే హోసు మార్చాలి. అక్కడే వదులైతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను తోసేది) లేదా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) వైపు చూడాలి. అది అరుదు, పైగా అలాంటప్పుడు చాలావరకు ఇంకో చక్రం కూడా వేడెక్కుతూ ఉంటుంది. ఒలికిన ఆయిల్ వెంటనే నీళ్ళతో కడిగేయండి, పెయింటును తినేస్తుంది.

బ్లీడర్ వదిలినా రోటర్ కదలలేదంటే అది తుప్పు వ్యవహారం. మంచు కురిసే చోట్ల రోడ్లమీద చల్లే ఉప్పుకు ఇది మామూలే. కాలిపర్ విప్పి తీగతో కట్టి వేలాడదీయండి, హోసు మీద బరువు పడనివ్వకండి. స్లైడ్ పిన్నులు చేత్తో లోపలికీ బయటికీ జారాలి. కొన్ని బండ్లలో ఒక పిన్నుకు చివర రబ్బరు తొడుగు ఉంటుంది, ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకోండి. ప్యాడు ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగితే ఒక పిన్ను మొండికేసిందని అర్థం. శుభ్రం చేసి సిలికాన్ బ్రేక్ గ్రీజే రాయండి, మామూలు పెట్రోలియం గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడ్ చెవులు (రెండు చివర్లా పొడుచుకొచ్చిన కొనలు) వాటిని పట్టి ఉంచే బ్రాకెట్‌లో ఇరుక్కున్నాయేమో కూడా చూడండి, క్లిప్పుల కింద తుప్పు పొంగితే ప్యాడు వెనక్కి జరగదు. చివరగా సీ క్లాంప్‌తో (సి అక్షరం ఆకారంలో ఉండే మర బిగింపుతో) పిస్టన్‌ను నెమ్మదిగా నొక్కండి, అప్పుడు బ్లీడర్ తెరిచే ఉంచితే మురికి ఆయిల్ ఏబీఎస్‌లోకి పోదు. నొక్కినా కదలకపోయినా, పిస్టన్ చుట్టూ దుమ్ము పోకుండా ఉండే రబ్బరు చిరిగి లోపల తుప్పు కనిపించినా ఆ కాలిపర్ మార్చాల్సిందే.

ఏది జతగా మార్చాలంటే, ప్యాడ్లు ఎప్పుడూ రెండువైపులా. హోసు ఒకటి పోయిందంటే రెండోదీ అదే వయసుది కాబట్టి రెండూ మార్చేస్తాను. బాగున్న కాలిపర్ జోలికి మాత్రం పోను. రోటర్ మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది, కొలిచి చూస్తే చాలు.

కొత్త కాలిపర్ బిగించాక బ్లీడర్ పైభాగాన ఉందో లేదో చూడండి. కుడిది ఎడమకు తగిలిస్తే అది కిందికి వస్తుంది, ఎంత బ్లీడ్ చేసినా గాలి పోదు. చక్రం బిగించి, బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. తర్వాత అదే రోడ్డులో అదే పదిహేను నిమిషాలు నడిపి, థర్మామీటర్ తీసి ముందు రెండు రోటర్లూ మళ్ళీ పోల్చండి.