సెక్షన్ మీదే, మాట చెల్లేది ఇంకొకరిది

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విద్యుత్ పంపిణీ సంస్థలో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని). ఏడాది క్రితం ఒక మండలంలో ఆపరేషన్ సెక్షన్ ఇచ్చారు. స్టాఫ్ అంతా మగవాళ్లే. లైన్ ఇన్‌స్పెక్టర్ వయసులో పెద్దాయన, ఏదున్నా నన్ను దాటి నేరుగా నా పై అధికారి ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీర్) గారికే ఫోన్ చేస్తాడు. రైతులు నా ఎదురుగా నిలబడి "సార్ లేరా?" అంటారు. రివ్యూ మీటింగులో లేచి నిలబడితే గొంతు పెగలదు. వెనకాల "మహిళా కోటా" అన్న మాట వినిపిస్తుంటుంది. రాత్రి బ్రేక్‌డౌన్ ఫోన్ వస్తే అత్తగారు "కరెంటు పని ఆడవాళ్లకెందుకు" అని సణుగుతారు. మావారేమో సర్కిల్ ఆఫీసులో సీటుకి బదిలీ అడగమంటున్నారు. సబ్‌స్టేషన్‌లో టాయిలెట్ వాడుకునేలా లేక పగలంతా నీళ్లు తాగడం మానేశాను. నాకు కాన్ఫిడెన్స్ లేదనుకుంటా. పర్సనాలిటీ క్లాసుల్లో చేరనా?

జవాబు: ముందు ఆ నీళ్ల సంగతి తేల్చుకుందాం. మే నెల ఎండలో లైన్ల వెంట తిరిగే మనిషి పగలంతా గొంతు తడుపుకోకపోతే తలనొప్పి, చిరాకు, మూత్రంలో మంట వస్తాయి తప్ప ఆత్మవిశ్వాసం ఎక్కడినుంచి వస్తుంది? టాయిలెట్ బాగుచేయించమని ఏడీఈకి పైనుండే డీఈ (డివిజనల్ ఇంజనీర్) గారికి కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నోటితో చెబితే "చూద్దాం అమ్మా" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఇది అడగడానికి సిగ్గెందుకు, ఎర్త్ రాడ్లు కావాలని ఇండెంట్ పెట్టరూ, ఇదీ అంతే.

ఇక క్లాసులు. వద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో మీ లోపం కంటే మీ కుర్చీకి దక్కాల్సినది దక్కకపోవడమే ఎక్కువ కనిపించింది. ఇన్‌స్పెక్టర్ పైకి ఫోన్ చేస్తాడు, పైనున్నాయన ఎత్తి మాట్లాడతాడు, ఆర్డరు అటునుంచి అటే కిందికి దిగుతుంది. ఇలా ఏడాది జరిగితే ఎంత గట్టి మగ ఏఈ అయినా మీటింగులో నీళ్లు నములుతాడు. కాబట్టి ఏడీఈ గారితో ఒంటరిగా, ఫిర్యాదులా కాకుండా, ఒకే ఒక్క మాట చెప్పండి: "సార్, మా వాళ్లు మీకు ఫోన్ చేస్తే 'మేడంకి చెప్పావా?' అని అడగండి చాలు." ఆయన నాలుగుసార్లు ఆ మాట అంటే ఫోన్ల దారి దానంతటదే మళ్లుతుంది. ఆయన అనకపోతే, ఆ విషయాన్నే డీఈ దాకా తీసుకెళ్లాలి.

మీకు బలమైన చోటు ఇంకొకటుంది, లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే కరెంటు ఆపి లైన్ మీద పని చేసుకోవచ్చని ఇచ్చే అనుమతి. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి వెళ్లే లైన్) మీద ఎవరు ఎల్‌సీ తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అన్నది మీకు తెలియకుండా జరగడానికి వీల్లేదని ఆపరేటర్లకు చెప్పి, లాగ్‌బుక్ రోజూ చూసి సంతకం పెట్టండి. ఎవరింట్లోనో జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి ఎక్కి స్తంభం మీద మనిషి పోతే ఎంక్వైరీలో మొదట అడిగేది సెక్షన్ ఏఈనే, ఇన్‌స్పెక్టర్‌ని కాదు. ఇది పంతం కాదు, ప్రాణం సంగతి అని స్టాఫ్‌కి తెలుసు, పైకి ఒప్పుకోకపోయినా లోపల గౌరవిస్తారు. పెద్దాయనని "మీ అనుభవం నాకు కావాలి, కానీ ముందు నాకు చెప్పండి" అని మర్యాదగానే అడగండి. గట్టిగా అరిస్తేనే మగ స్టాఫ్ మాట వింటారని ఎవరైనా సలహా ఇస్తే పట్టించుకోకండి. అరిచేవాళ్లని వాళ్లు చాలామందిని చూశారు.

కోటా మాటకొస్తే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ నియామకాల్లో మహిళలకు మూడో వంతు పోస్టులు ఉన్నాయి, మీరు రాసిన ప్రశ్నపత్రం మాత్రం మగవాళ్లు రాసిందే. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు మహిళలు పనికిరారంటే అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష పాసై ఉద్యోగాల్లో చేరారు. అత్తగారికి చెప్పడానికి ఇంకా పాత సంగతి ఉంది. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచు. 18 ఏళ్లకే భర్త పోయారు, చంటిబిడ్డ ఉంది, అయినా 1940లలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ చదివి, కలకత్తాలో ఒక కంపెనీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు చేశారు. వాదనకి కాదు, కబుర్లలో చెప్పండి, పెద్దవాళ్లు కబుర్లలో అయితే వింటారు.

రివ్యూ మీటింగుకి చిన్న ఉపాయం చెబుతాను. ఒకే కాగితం మీద ఫీడర్ వారీగా ట్రిప్పింగులు (లైన్ దానంతటదే ఆగిపోయిన సందర్భాలు), కాలిన ట్రాన్స్‌ఫార్మర్లు, బకాయిలు రాసుకెళ్లి, మీ వంతు వచ్చేదాకా ఆగకుండా మొదటి పది నిమిషాల్లో ఏదో ఒకటి అడగండి. ఒక్క ప్రశ్న చాలు. గొంతు వణికినా ఫర్వాలేదు, అంకెలు వణకవు.

బదిలీ అడగమనే మీవారి మాట వెనకున్న భయాన్ని అనుమానం అనుకోకండి, కనీసం మీరు రాసినదాన్నిబట్టి నాకలా అనిపించలేదు. ఒక రాత్రి బ్రేక్‌డౌన్‌కి ఆయన్ని కూడా రమ్మనండి, మీకు కాపలాకి కాదు, మీరేం చేస్తారో చూడడానికి. ఆ రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తే మర్నాడు పిల్లల టిఫిన్ ఎవరు కడతారన్నది కూడా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే, ఈ టెన్షన్‌లో సగం అక్కడే ఉంది.

ఎవరైనా "రాత్రిపూట మీ ఆయన పంపిస్తాడా మేడం" లాంటి వెకిలి మాటలు అంటుంటే తేదీ, ఎదురుగా ఉన్నవాళ్ల పేర్లు రాసి పెట్టుకోండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలోనూ అంతర్గత కమిటీ ఉండాలి, దానికి అధ్యక్షురాలు మహిళే అయి ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. ప్రతి జోకూ ఆ కిందికి రాదు, లైంగికంగా మిమ్మల్ని ఇబ్బంది పెట్టే మాటలు మాత్రం వస్తాయి.

బదిలీ కాగితం ఇప్పుడే ఇవ్వకండి. ఈ పంట సీజన్ గడవనివ్వండి, లోడు ఎక్కువుండి ఫోన్లు మోగే ఈ రోజుల్లోనే మీకూ, స్టాఫ్‌కీ మీరేంటో తెలుస్తుంది. ఆ తర్వాత కూడా మీకు ఆఫీసు సీటే నచ్చితే నిక్షేపంగా వెళ్లండి, అదేమీ తక్కువ ఉద్యోగం కాదు.