గీత, భాగవతం నోట్సు ఎలా దాచుకోవాలి? బరంపురం నుంచి నా అనుభవం

పదేళ్లుగా రాసుకున్న గీత, భాగవతం నోట్సు ఏడెనిమిది పుస్తకాల్లో ఉంది, కావలసినప్పుడు ఏదీ దొరకడం లేదని అడిగారు. ఒకప్పుడు నా పరిస్థితీ అదేనండి.

మాది ఒడిశాలోని బరంపురం. మా వీధిలో ఒక పెద్దాయన సాయంత్రాలు గీత చెప్పేవారు. నేను తేదీల వారీగా రాసుకునేదాన్ని. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కిటికీ రెక్క ఊడి, పుస్తకాల పెట్టె నిండా నీళ్లు. ఇంకు పెన్నుతో రాసిన పేజీలు నీలం మరకలైపోయాయి. బాల్‌పెన్ను రాత మాత్రం నిలిచింది. కానీ ఆరబెట్టాక చూస్తే విడిపోయిన కాగితాల మీద తేదీ ఉంది, ఏ శ్లోకమో లేదు. ఆ రోజు ఏడ్చేశాను.

అప్పటినుంచి ఒక శ్లోకానికి ఒక విడి కాగితం. పై మూలన 02-47 అని అధ్యాయం, శ్లోకం సంఖ్య, పక్కనే ‘కర్మణ్యేవాధికారస్తే’ అని మొదటి మాట. మొదటి మాట తప్పనిసరి. ఎందుకంటే 13వ అధ్యాయం మొదట్లో అర్జునుడి ప్రశ్న కొన్ని ప్రతుల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. దాంతో ఆ అధ్యాయమంతా సంఖ్యలు ఒకటి జరుగుతాయి. భాగవతానికైతే సంస్కృతానికి ‘సం’, పోతన పద్యానికి ‘పో’ అని వేస్తాను. మా పక్కింటి ఒడియా అమ్మమ్మ జగన్నాథ దాసు ఒడియాలో రాసిన భాగవతం చదివి వినిపిస్తే, అది తెలుగు లిపిలో రాసుకుని ‘ఒ’ అని పెడతాను.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: గురువుగారు చెప్పింది నీలంలో, నాకు తోచింది ఎర్రరంగులో. ఇలా విడదీయకపోతే కొన్నేళ్లకు మన ఊహ కూడా ఆయన మాటగానే కనబడుతుంది. అది చాలా పెద్ద పొరపాటండి.

కాగితాలు రెండు రంధ్రాల ఫైల్లో పెట్టి, నూలుగుడ్డలో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో అటక మీద ఉంచుతాను. మాది సముద్రపు గాలి, గుండుసూదులు తుప్పు పడతాయి, వాడకండి. ప్రతి కాగితానికీ ఫోన్‌లో ఫొటో తీసి 02-47 అనే పేరుతోనే దాచండి. ముందు సున్నా పెడితేనే వరుస తప్పదు.

పాతవన్నీ ఒకేసారి తిరగరాయాలని టెన్షన్ పడకండి. నేను రోజుకో శ్లోకం ఎత్తి రాస్తున్నాను, ఇప్పుడు పదకొండో అధ్యాయంలో ఉన్నాను.